వెళ్లొస్తానంటే ఎప్పుడండీ?

జెస్సీ పెట్టెలో ఒక చీర పెట్టేది. మామ్మ దాన్ని బయటికి తీసేది. పొద్దుటి నుంచీ ఇదే వరస.

“మామ్మా, నువ్విలా తీస్తూ పోతే మనం అన్నయ్య పెళ్లికి ఖాళీ పెట్టెతో వెళ్లాలి.”

“వెళ్లకపోతే పెట్టెతో పనేముంది?” అంది రూతమ్మ, తీసిన చీరను ఒళ్లో భద్రంగా పెట్టుకుని.

“మళ్లీ మొదలెట్టావా? టిక్కెట్లు వచ్చేశాయి. రేపు సాయంత్రం చెన్నై రైలు. ఎల్లుండి విమానం.”

“విమానం గురించి నాకు చెప్పకు. గూడెంలో యుద్ధం విమానాలు దిగినప్పుడు నాకు పదేళ్లు. ఆ చప్పుడుకి మా గేదెలు నెల్లాళ్లు పాలు చేపలేదు. గేదెలకున్న జ్ఞానం మీ అన్నకి లేకపోయింది.”

రూతమ్మ పుట్టింది తాడేపల్లిగూడెంలో. విమానమంటే ఆవిడకు తెలిసింది అదొక్కటే.

జెస్సీ అన్న రాజ్ కుమార్ మూడేళ్లుగా మారిషస్‌లో, సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్లో వంటవాడు. అదే హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసే గ్రేస్‌ని ప్రేమించాడు. ఎప్పుడో నాలుగు తరాల కిందట కాకినాడ నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల పిల్ల. ఇద్దరూ తమ దగ్గర పనిచేసేవాళ్లే కదా అని హోటలువాళ్లు తమ బీచ్‌లోనే పెళ్లి చేసుకోమన్నారు. సముద్రం ఒడ్డున, ఇసకలో, చెప్పుల్లేకుండా.

“శుభ్రంగా గుళ్లో చేసుకోవచ్చుగా,” అంది రూతమ్మ వందోసారి. “సముద్రం ఒడ్డున చేపలు ఎండబెడతారు గానీ పెళ్లిళ్లు చేస్తారా?”

జెస్సీ నవ్వింది కానీ, ఆమెకి తెలుసు. అసలు బాధ విమానమూ కాదు, ఇసకా కాదు. తలుపు.

ఏలూరు పవర్‌పేటలో ఆ రెండు గదుల పెంకుటింటికి పద్దెనిమిదేళ్లుగా తాళం పడలేదు. రూతమ్మ కొడుకు ప్రసాదరావు, అంటే జెస్సీ వాళ్ల నాన్న, ఆకివీడు నుంచి హౌరాకు చేపల లారీ తోలేవాడు. భార్య జబ్బుచేసి పోయాక మనిషి ముక్కోపిగా తయారయ్యాడు. ఒకరోజు చారులో ఉప్పెక్కువైందని కంచం ముందునుంచి లేచి, “పోతున్నా” అని చెప్పులేసుకున్నాడు. అప్పటికి జెస్సీకి ఏడేళ్లు, రాజ్ కుమార్‌కి పది. పదిహేను రోజులకి లారీ తిరిగొచ్చింది. దాన్ని వేరే డ్రైవరు తోలుకొచ్చాడు. ప్రసాదరావు హౌరాలో దిగి ఎటో వెళ్లాడన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. వీధి చివర కొట్టుకి వెళ్లినా సరే, “వెళ్లొస్తాను” అనే చెప్పాలి. ఎవరైనా పొరపాటున “వెళ్తున్నా” అంటే రూతమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మాట సరిగ్గా చెప్పించుకుని పంపేది. పాలవాడు కూడా నేర్చుకున్నాడు.

ఇంకో చట్టం, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలి. కొడుకు వచ్చేసరికి గుమ్మానికి తాళం కనబడకూడదు.

“మీరు నిశ్చింతగా వెళ్లి రండి రూతమ్మగారూ,” అంది పక్కింటి రాజ్యలక్ష్మిగారు మర్నాడు. “తాళంచెవి నా దగ్గరుంటుంది. పగలంతా ఈ అరుగు మీదే కూర్చుంటాను. సరేనా అండీ?”

రూతమ్మ తలుపు వైపు తిరిగింది. తర్వాత చెయ్యి చాపింది. “జెస్సీ, నీ సంచిలో సుద్దముక్క ఉంటే ఇలా ఇవ్వు.”

“నేను రాస్తాను మామ్మా.”

“వద్దు. వాడికి నా రాత తెలుసు.”

బైబిలు చూసి చూసి తనంతట తాను నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో తలుపు మీద రాసింది. ‘బాబూ, రాజు పెళ్లికి వెళ్తున్నాం.’ ఒక్క క్షణం ఆగి, వేలు తడిచేసి ‘వెళ్తున్నాం’ చెరిపి, ‘వెళ్లొస్తాం’ అని దిద్దింది. ‘ఇరవయ్యో తారీఖుకి వచ్చేస్తాం. తాళంచెవి రాజ్యలక్ష్మిగారింట్లో ఉంది. అన్నం తిని పడుకో.’

జెస్సీ రిక్షా వైపు తిరిగి నిలబడింది. ఆమెకి జంగారెడ్డిగూడెం నుంచి ఒక సంబంధం, ఉండి నుంచి ఒక సంబంధం వచ్చాయి. రెండూ వద్దంది. “బస్సులో రెండు గంటలేగా,” అన్నారు అందరూ. ఈ మనిషిని ఈ తలుపు దగ్గర ఒక్కదాన్నే కూర్చోబెట్టి వెళ్లడానికి రెండు గంటల దూరమైనా ఎక్కువే.

* * *

మారిషస్ విమానాశ్రయంలో ఒక కుర్రాడు తెలుగులో రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ‘శ్రీమతి రూతమ్మగారికిని, కుమారి జెస్సీగారికిని సుస్వాగతము.’

పొడుగ్గా ఉన్నాడు. తెల్ల చొక్కా, కళ్లజోడు. కళ్లు మాత్రం రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

“నమస్కారము. మీ ప్రయాణము సుఖముగా జరిగినదా?”

జెస్సీ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనైనా అన్నాడేమోనని. “ఏవండీ, మీరు రేడియోలో వార్తలు చదువుతారా?”

“లేదండి. నేను పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడను. నా పేరు సుకుమార్.”

“నేనూ టీచర్నేనండీ. కొల్లేరు లంకలో స్కూలు. మీ తెలుగు వింటే మావాళ్లు నన్ను తీసేసి మిమ్మల్ని పెట్టుకుంటారు.”

“తీసివేయుట ఎందులకు? ఇద్దరమును ఉండవచ్చును.”

అతను చాలా మామూలుగానే అన్నాడు. జెస్సీ చెవులు మాత్రం వేడెక్కాయి.

కారులో రూతమ్మ ముందు సీటు వీపు గట్టిగా పట్టుకుని కూర్చుంది. విమానం దిగాక కూడా ఆవిడ ఇంకా దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంది. “బాబూ, నువ్వు పెళ్లికూతురికి ఏమవుతావు?”

“గ్రేస్ మా మేనత్త కుమార్తె అండి.”

రూతమ్మ జెస్సీ మోచెయ్యి గిల్లింది. “విన్నావా? మేనత్త కూతురంట! వరసైన మరదలు! చూడు, ఏడ్చి ఏడ్చి కళ్లెలా వాచిపోయాయో. మీ అన్న ఈ పిల్లాడి నోటి దగ్గర కూడు లాగేశాడే.”

“మెల్లగా మామ్మా.”

“అతనికి తెలుగు అర్థమవుతుందంటావా?”

“తెలుగు మేష్టారు మామ్మా అతను!”

ముందు సీటులో సుకుమార్ రోడ్డు చూస్తూ కారు నడుపుతున్నాడు. ఇంజను హోరులో విన్నాడో లేదో తెలియలేదు.

ఇల్లు చేరగానే పెళ్లికూతురు పరుగున వచ్చింది. రూతమ్మను కావలించుకుని, “అన్నయ్యా, పెట్టె లోపల పెట్టవా?” అంది సుకుమార్‌తో.

రూతమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. “బావని పట్టుకుని అన్నయ్యా అంటోంది. మనసు చంపుకుని అంటోంది తల్లి.”

* * *

ఆ తర్వాత మూడు రోజులూ సుకుమార్ మీద జాలి కురిసింది.

అందరికీ ఒక గుడ్డు పెడితే రూతమ్మ అతనికి రెండు పెట్టేది. ఏలూరు నుంచి చీరల మడతల్లో దాచి తెచ్చిన రొయ్యపొడి అతని కంచంలోనే గుమ్మరించేది. అతని తల్లి పేరు సత్యవేదం. భర్త లేడు. ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు వేరే ఊళ్లలో ఉంటే, సుకుమార్ ఒక్కడే తల్లి దగ్గర ఉంటున్నాడు. “మా మేనత్త పేరూ సత్యవేదమేనమ్మా,” అని రూతమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. సత్యవేదానికి వచ్చిన తెలుగు నలభై మాటలు. ఆ నలభైతోనే ఇద్దరూ సాయంత్రాలు గడిపేసేవారు. ఒకరోజు మామ్మ తలుపు మీది రాత సంగతి చెబుతుంటే, సత్యవేదం చెంగుతో కళ్లొత్తుకోవడం జెస్సీ చూసింది.

జెస్సీ కూడా తన వంతు జాలి పడింది.

“మీరు ధైర్యంగా ఉండాలండీ,” అంది ఒక పొద్దున్న, అతను పందిరి గుంజలకి పూలు కడుతుంటే.

“ఎందులకండి?”

“అన్నిటికీ.”

“సరేనండి.”

“లోకంలో ఇంకా మంచి అమ్మాయిలు లేకపోరు.”

“ఉందురు,” అన్నాడతను దారం ముడి వదిలేసి ఆమెనే చూస్తూ. “నేనును మొన్నటి నుండి అదే అనుకొనుచున్నాను.”

జెస్సీకి ఆ రోజు పూలు కట్టడం మర్చిపోయినట్టయింది. కట్టిన ప్రతిదీ జారిపోయింది.

పెళ్లి రోజు సముద్రం నీలంగా, బుద్ధిగా ఉంది. పాస్టరుగారు ప్యాంటు మడిచి కట్టుకుని ప్రార్థన చేశారు. రూతమ్మ కుర్చీ కాళ్లు ఇసకలోకి దిగిపోతుంటే, ఆవిడ ప్రతి ఆమెన్‌కీ రెండంగుళాలు కిందికి వెళ్లింది. “రాజూ, త్వరగా కానివ్వరా, నేను భూమిలోకి పోతున్నాను,” అని అరిచింది. అరిచాక నాలిక కరుచుకుని, “పోయొస్తాను,” అని సరిచేసుకుంది.

ఉంగరాలు మార్చుకునే వేళకి ఒక పెద్ద అల వచ్చి, గట్టున వదిలిన చెప్పుల్లోంచి ఏరుకున్నట్టుగా జెస్సీ ఎడమకాలి చెప్పునే పట్టుకుపోయింది. సుకుమార్ కొత్త కోటుతోనే నడుముల్లోతు నీళ్లలోకి దిగాడు. చెప్పు తెచ్చాడు గానీ కోటు జేబులోని కళ్లజోడు పోయింది.

“అయ్యో, ఎంత పని జరిగిందండీ!”

“పరవాలేదు. దగ్గరి వస్తువులు స్పష్టముగానే కనిపించును,” అన్నాడు. ఆమె దగ్గరలోనే ఉంది.

అంతలో వాన. ఎండ ఉండగానే పడింది. జనం హోటల్ వైపు పరుగెత్తారు. వీళ్లిద్దరూ మాత్రం దగ్గర్లో ఉన్న పడవల పాక కింద చేరారు.

జెస్సీ చెప్పులోంచి ఇసక దులుపుకుంటూ, ఇంక ఆగలేక అడిగేసింది. “సుకుమార్‌గారూ, నిజం చెప్పండి. మీకు మా అన్నయ్య మీద కోపం లేదా?”

“ఉన్నది.”

ఆమె చెప్పు దులపడం ఆపేసింది.

“చాలా ఉన్నది. మీరు వచ్చిన రోజున నాచేత పదిహేను కిలోల ఉల్లిపాయలు ఒలిపించినారు. కన్నులు తెరువలేక, విమానాశ్రయమునకు కారు ఎట్లు నడిపితినో దేవునికే తెలియును.”

“ఉల్లిపాయలా?”

“ఉల్లిపాయలే.”

“అంటే... మీరు ఏడ్చింది గ్రేస్ కోసం కాదా?”

“గ్రేస్ కొరకా? ఎందులకు?”

“మేనత్త కూతురు కదండీ! మావైపైతే మీకే ఇచ్చేవాళ్లు. వరసైన మరదల్ని ఇంకొకడు చేసుకుంటే బావకి...”

సుకుమార్ అదిరిపడి పాక గుంజకి అంటుకున్నాడు. “ఆమె నా చెల్లెలండి! ఈ దేశమున మేనత్త కూతురైనను చెల్లెలే! చిన్నప్పుడు దాని ముక్కు తుడిచినాను!”

జెస్సీకి నవ్వాగలేదు. పడవ అంచు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. “మాది ఉల్లిపాయల మార్కెట్టున్న గూడెం వంశమండీ. ఉల్లిపాయల ఏడుపు ఏదో, మనసు ఏడుపు ఏదో మేం పోల్చుకోలేకపోయామా!”

“మీ మామ్మగారు నాకు రెండేసి గుడ్లు ఎందుకు పెట్టుచున్నారో ఇప్పుడు తెలిసినది,” అన్నాడతను. తర్వాత కాస్త తగ్గిన గొంతుతో, “మరి నామీద జాలి పోయినదా?”

“పోయిందండీ.”

“పూర్తిగానా?”

“పూర్తిగా.”

“మరి ఇంకను ఇక్కడనే ఎందుకు నిలబడియున్నారు?”

“వాన తగ్గలేదు కదండీ.”

వాన తగ్గి అప్పటికి చాలాసేపయింది.

* * *

తిరుగు ప్రయాణం రోజు రూతమ్మ తెల్లవారకముందే పెట్టె మీద కూర్చుంది. “ఇరవై అని రాశాను. ఇరవై ఒకటైతే వాడు చిరాకుపడతాడు.”

విమానాశ్రయంలో అందరూ ఏడ్చారు. సుకుమార్ మాత్రం ఏడవలేదు. కొత్త కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. జెస్సీ ఎన్నో అనుకుంది. చివరికి పద్దెనిమిదేళ్లుగా అలవాటైన మాటే వచ్చింది.

“వెళ్లొస్తానండీ.”

అతని మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. “ఎప్పుడు?”

“ఆఁ?”

“వచ్చుట ఎప్పుడండి?”

ఆమె నోరు తెరిచేలోగా వెనకనున్న జనం లోపలికి తోసేశారు.

ఏలూరులో రిక్షా దిగగానే రూతమ్మ తలుపు దగ్గరికి వెళ్లింది. వేసవి వాన ఒకటి పడినట్టుంది. సుద్ద అక్షరాలు కారిపోయి, ‘బాబూ’ ఒక్కటే మిగిలింది.

“ఎవరూ రాలేదండీ. నేను ఈ అరుగు వదల్లేదు,” అంది రాజ్యలక్ష్మిగారు.

“భోజనానికి లోపలికి వెళ్లుంటారుగా మీరు,” అంది రూతమ్మ. “ఆ కాసేపట్లో వచ్చుంటే? చదవలేక తిరిగి వెళ్లిపోయుంటే?”

జెస్సీ ఆవిడని లోపలికి నడిపించింది. ఆ పూట మామ్మ చేత అన్నం తినిపించడమే పెద్ద పనయింది.

* * *

జూన్ చివర్లో మొదటి ఉత్తరం వచ్చింది. సుకుమార్‌ది ముత్యాల్లాంటి దస్తూరీ.

‘మీరు వెళ్లి వచ్చెదనని సెలవిచ్చితిరి. వచ్చు తేదీ తెలియజేయ ప్రార్థన. మా అమ్మ గదికి సున్నము వేయించుచున్నది.’

జెస్సీ తల పట్టుకుంది. కాసేపు నవ్వుకుంది కూడా. తర్వాత జవాబు రాసింది. ‘సుకుమార్‌గారూ, మావైపు అది ఊరికే అనే మాటండీ. వెళ్లే ప్రతివాళ్లూ అంటారు. పాలవాడు కూడా అంటాడు. మామ్మను వదిలి నేనెక్కడికీ రాలేను. కారణం మీ అమ్మగారికి తెలుసు. సున్నం ఆపించండి.’

ఆ ఉత్తరం పోస్టులో వేశాక, ఇంటి దాకా నడవడానికి ఆమెకి చాలా సమయం పట్టింది.

ఆగస్టు మొదట్లో రెండో ఉత్తరం. ‘అటులనా. మా పాఠ్యపుస్తకములో ఈ సంగతి లేదు. ఒక్క సందేహము తీర్చుడు. అందరును వచ్చెదమనియే చెప్పినచో, మీ ఊరి మనిషి నిజముగా తిరిగి రాదలచినప్పుడు ఏమని చెప్పును?’

జెస్సీ ఉత్తరం పట్టుకుని మామ్మ దగ్గరికి వచ్చింది. రూతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

“మామ్మా, నిజంగా తిరిగొచ్చేవాడు ఏం చెప్పి వెళ్తాడు?”

రూతమ్మ చెయ్యి ఆగింది. తలుపు వైపు చూసింది. “నిజంగా వచ్చేవాడు ఏమీ చెప్పడే. వస్తాడంతే.”

జెస్సీ ఆ ఒక్క ముక్కే రాసి పంపింది.

మరి ఉత్తరం రాలేదు. సెప్టెంబరు వెళ్లింది. అక్టోబరు వెళ్లింది. పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు వినగానే జెస్సీ లేచి నిలబడేది. తర్వాత తర్వాత లేవడం మానేసింది.

అన్నయ్య ఫోన్ చేసినప్పుడు మాత్రం, “అక్కడ అందరూ బాగున్నారా?” అని అడిగేది.

“అందరూ బాగున్నారే.”

“అందరూ అంటే?”

“అందరూ అంటే అందరే. ఒక్కళ్లయితే ‘ఒక్కరు’ అంటారు. టీచరువి, నీకు వ్యాకరణం రాదా?”

వాడు నవ్వుతూ పెట్టేసేవాడు. వాడికెందుకంత నవ్వో ఆమెకి అర్థమయ్యేది కాదు.

* * *

నవంబరు మూడో వారం. నాలుగు రోజులుగా ముసురు. శ్రీపర్రు దాకా బస్సు, అక్కడి నుంచి తాటిదోనె మీద లంక ఊరికి, మళ్లీ సాయంత్రం దోనె, బస్సు. జెస్సీ రోజూ చేసే ప్రయాణమే. బడి వదిలాక గొడుగేసుకుని రేవులో నిలబడింది. కొల్లేరు మీద వాన తెరలు తెరలుగా కదులుతోంది. గూడబాతులు ముక్కులు రెక్కల్లో దాచుకుని కూర్చున్నాయి.

రోజూ తనని దాటించే ఏలీయా దోనె వస్తోంది. అందులో ఒకే మనిషి. గాలికి తిరగబడిన గొడుగు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతుల్తో దోనె అంచులు పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

“మేడమ్‌గారూ!” అని అరిచాడు ఏలీయా. “ఈయనెవరో మీకోసమంట. దారి పొడుగునా ‘ఇది మునుగునా, ఇది మునుగునా’ అని అడుగుతున్నాడండీ. మునుగునా అంటే ఏంటండీ?”

జెస్సీ చేతిలోని గొడుగు పక్కకి ఒరిగిపోయింది. వాన నెత్తిన పడుతున్నా తెలియలేదు.

సుకుమార్ కళ్లు తెరిచాడు. ఒడ్డు చూశాడు. ఒడ్డున ఆమెను చూశాడు. దిగబోయి మోకాళ్లదాకా బురదలో దిగబడ్డాడు.

“చెప్పకుండా వచ్చేశారేంటండీ!” అంది జెస్సీ. “ఒక్క ఉత్తరం ముక్క లేదు. మూడున్నర నెలలు! మనిషేమయ్యాడో అని...”

“మీరే కదండీ రాశారు,” అన్నాడతను బురదలోంచే. “నిజంగా వచ్చేవాడు ఏమీ చెప్పడు, వస్తాడంతే అని. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమయిందో తెలుసా అండీ? నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను.”

ఏడవబోతున్న జెస్సీ ఆగిపోయింది. “మీ తెలుగు... మారిపోయిందే!”

“మీ అన్నయ్యగారి దగ్గర ట్యూషన్. ఫీజు ఉల్లిపాయలు.”

“మరి మునుగునా?”

“భయమేస్తే పాతదే వస్తుందండీ.”

ఆమె చెయ్యి అందించింది. అతను పట్టుకుని పైకి వచ్చాడు. వచ్చాక వదల్లేదు. “మీరు మామ్మగారిని వదిలి రాలేరు. నాకు తెలుసు. అందుకే నేనే వచ్చాను. ఇక్కడే ఉండిపోతాను జెస్సీగారూ. ఏ బడిలో అయినా పని దొరక్కపోదు. మీకు ఇష్టమేనా?”

ఏలీయా తెడ్డు మీద గడ్డం ఆనించి ఆసక్తిగా చూస్తున్నాడు.

“ఇష్టమే,” అంది జెస్సీ. “చెయ్యి వదలండి. నా చెయ్యి కూడా బురదయింది.”

అతను వదిలాడు. ఆమె మళ్లీ తనే పట్టుకుంది.

* * *

రూతమ్మ అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. వేడినీళ్లు పెట్టింది. అన్నం వడ్డించింది. గుడ్లు ఒకటే వేసింది.

“రెండోది లేదా మామ్మగారూ?”

“జాలి తీరిపోయిందిగా బాబూ,” అని నవ్వింది. తర్వాత వాళ్లిద్దరూ చెప్పిందంతా విన్నది. అతను ఇక్కడే ఉండిపోతానన్నది కూడా విన్నది. విని, మెల్లగా అడిగింది. “మీ అమ్మకి ఏం చెప్పి వచ్చావు?”

సుకుమార్ ముద్ద కలుపుతూ ఆగాడు. “వెళ్లొస్తానని చెప్పానండీ. ఆవిడకి ఆ మాట కొత్త. ఏలూరు మాట అని చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడి రెండుసార్లు పలికి నేర్చుకుంది.”

రూతమ్మ గరిటె కింద పెట్టింది.

“అలా చెప్పి వచ్చి, ఇక్కడ ఉండిపోతావా?” అంది రూతమ్మ. “వద్దు బాబూ. అక్కడ ఇంకో రూతమ్మని తయారుచెయ్యకు. ఎదురుచూడ్డం నేను చేశాను. పగవాళ్లకి కూడా వద్దు. దీన్ని పెళ్లి చేసుకో. తీసుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్లు.”

“నువ్వు లేకుండా నేను కదలను,” అంది జెస్సీ. “నిన్ను ఈ తలుపు దగ్గర వదిలి వెళ్లను. అంతే.”

“నన్ను రమ్మంటే... ఈ తలుపో?”

కంచాలు ఎండిపోయాయి. రూతమ్మ లేచి వెళ్లి తన మంచం మీద అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. సుకుమార్ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రూతమ్మ లోపల్నుంచి వచ్చి చాలాసేపు తలుపును చూస్తూ నిలబడింది. చెంగుతో దాని మీది దుమ్ము తుడిచింది.

“బాబూ, బజారుకి వెళ్లి రంగు డబ్బా ఒకటి పట్టుకురా. తెల్లది. చిన్న కుంచె కూడా.”

“రంగెందుకు మామ్మా?” అంది జెస్సీ. “సుద్దముక్క నా సంచిలో ఉందిగా.”

“సుద్ద వానకి పోతుందే. పదిరోజులకైతే సుద్ద సరిపోతుంది.”

జెస్సీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగున వచ్చి మామ్మని వెనకనుంచి కావలించుకుని, ఆవిడ భుజంలో మొహం దాచేసుకుంది.

“ఊరుకో. నేనా విమానం ఎక్కడం మొదటిసారా ఏంటి,” అంది రూతమ్మ. “నాకు మాత్రం ప్రతి వేసవికీ ఇల్లు చూపించాలి. అది ఇప్పుడే చెబుతున్నాను.”

డిసెంబరు ముప్పయ్యిన, శుక్రవారం, ఏలూరులోనే వాళ్ల గుళ్లో పెళ్లయింది. ఇసక లేదు. రూతమ్మ కుర్చీ ఎక్కడికీ దిగబడలేదు.

బయల్దేరే ముందురోజు ఆవిడ తలుపు ముందు పీట వేసుకుని కూర్చుని రాసింది. సుకుమార్ పక్కన నిలబడి అడ్రసు చెప్పాడు. ‘బాబూ, మేము మారిషస్‌లో ఉంటాం. అడ్రసు కింద రాశాను. తాళంచెవి, దారి ఖర్చులు రాజ్యలక్ష్మిగారి దగ్గర ఉన్నాయి. అన్నం తిని, పడుకుని, పొద్దున్నే బయల్దేరు. చారులో ఉప్పు తగ్గించాను. వెళ్లొస్తాం.’

“దేశం పేరు చివర చుక్క పెట్టాలా బాబూ?”

“అక్కర్లేదు మామ్మగారూ.”

“పెడితే ఎవరన్నా ఏమన్నా అంటారా?”

“అనరు.”

“అయితే ఉండనీ. అందంగా ఉంది.”

జెస్సీ, సుకుమార్ ఆ తర్వాత ప్రతి మే నెలలోనూ ఏలూరు వచ్చారు. సత్యవేదం ఒకసారి వచ్చి కొల్లేరు చూసి వెళ్లింది. రూతమ్మ బతికున్న నాలుగు వేసవులూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ తలుపు మీది రంగుకి ఇంకో పూత వేసింది.

ప్రసాదరావు రాలేదు. అతను ఆకివీడులో హౌరా లారీ ఎక్కింది 1987 జూన్ పద్నాలుగున, ఆదివారం, మధ్యాహ్నం.